పొలంలో కుక్కలు, మచ్చిక లేని పిల్లులు, అడవి జీవాలు: గొడవ లేకుండా అన్నిటితో కలిసి ఎలా ఉండాలి

ఊరికి దూరంగా పొలంలోనో తోటలోనో ఇల్లు కట్టుకుని ఒకటి రెండు కుక్కల్ని పెంచుకుంటున్నారంటే, అక్కడ మీరొక్కరే లేరని కొద్దిరోజుల్లోనే తెలిసిపోతుంది. పాక వెనక ఎవరిదీ కాని పిల్లి పిల్లల్ని పెడుతుంది. చీకటి పడ్డాక నక్క కోళ్ల గూడు చుట్టూ తిరుగుతుంది. కట్టెల కుప్పలో పాము, అటక మీద గుడ్లగూబ. ఒకరోజు మీ కుక్కే కుందేలును నోట కరుచుకుని వస్తుంది. అప్పుడు చాలామంది ఏ జంతువు మీద కోపం వస్తే దాన్ని తరిమేస్తారు, లేదా మందు పెడతారు. దాంతో పాత సమస్య తీరదు సరికదా, కొత్తది వచ్చి చేరుతుంది.

పొలంలో జంతువుల గొడవలు చాలావరకు రెండు చోట్ల పుడతాయి. ఒకటి, రాత్రి బయట వదిలేసిన తిండి. రెండు, వేయడం మరిచిన తలుపు. రెండూ మన అలవాట్లే, జంతువుల తప్పు కాదు. అందుకే కింది పనుల్ని ఇదే వరసలో చేయమని అడుగుతున్నాను. తిండి సంగతి తేల్చకుండా పిల్లుల్ని పట్టడం మొదలుపెడితే, వాటి చోటికి ఇంకో నాలుగు వస్తాయి.

1. ఎవరెవరు వస్తున్నారో ముందు తెలుసుకోండి

రెండు వారాలు ఏమీ మార్చకండి, చూడండి చాలు. గేటు దగ్గర, కోళ్ల గూడు చుట్టూ, నీళ్ల తొట్టి పక్కన మెత్తటి ఇసుక పలచగా పరిచి సాయంత్రం చదును చేయండి. పొద్దున్నే వెళ్లి అడుగులు చూడండి. పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి వాటి అడుగుల్లో సాధారణంగా గోటి గుర్తు పడదు. కుక్క, నక్క, తోడేలు అడుగుల్లో గోళ్లు కనిపిస్తాయి. కదలికను పసిగట్టి ఫొటో తీసే కెమెరా ఒకటి దొరికితే పని ఇంకా సులువు.

ఎందుకింత ఓపిక అంటే, కోడి మాయమైతే నింద వెంటనే అడవి జంతువు మీద పడుతుంది. తీరా చూస్తే అది పక్క పొలం కుక్క కావచ్చు, మీ సొంత కుక్కే కావచ్చు. దొంగ ఎవరో తెలియకుండా కంచె వేస్తే డబ్బు దండగ. ఎన్ని గంటలకు, ఏ వైపు నుంచి వస్తోందో ఒక పుస్తకంలో రాసుకోండి.

2. రాత్రి తిండి బయట కనిపించకూడదు

కుక్కకైనా పిల్లికైనా వేళకు పెట్టండి. అరగంట ఆగి గిన్నె తీసేయండి, మిగిలినా సరే. దాణా బస్తాలు నేల మీద ఉండకూడదు, మూత గట్టిగా పడే ఇనుప డ్రమ్ముల్లోకి మార్చండి. చెట్ల కింద రాలిన పళ్లు సాయంత్రానికి ఏరేయండి. ఎరువు గుంతలో మాంసం, ఎముకలు, వండిన తిండి వేయకండి. చచ్చిన కోడిని కంచె అవతలికి విసిరేస్తే మీ ఇంటికి దారి మీరే చూపించినట్టు. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

తిండి ఉన్నచోటికి ఎలుక వస్తుంది. ఎలుక కోసం పాము, పిల్లి, గుడ్లగూబ వస్తాయి. అంటే ఎలుకల్ని తగ్గిస్తే సగం పని అయినట్టే. కానీ ఎలుకల మందుతో తగ్గించొద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పకుండా వినండి. ఇప్పుడు దొరికే మందుల్లో చాలావాటిలో బ్రోడిఫాకమ్, బ్రోమాడియోలోన్ లాంటివి ఉంటాయి. ఇవి రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతాయి. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా బయట తిరుగుతుంది. అలాంటి ఎలుక గుడ్లగూబకు, పిల్లికి, కుక్కకు తేలిగ్గా చిక్కుతుంది. ఆ మందు వాటి కాలేయంలో చాలాకాలం నిలిచిపోతుంది. రాత్రంతా ఉచితంగా ఎలుకల్ని పట్టే గుడ్లగూబను మనమే చంపుకున్నట్టవుతుంది.

కుక్క నేరుగా ఆ మందు తింటే రెండు మూడు రోజులు మామూలుగానే కనిపిస్తుంది. తర్వాత నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ఆయాసం, ముక్కు నుంచో మలంలోనో రక్తం. అందుకే తిన్నట్టు అనుమానం వచ్చిన రోజే మందు ప్యాకెట్ పట్టుకుని పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దీనికి విరుగుడు విటమిన్ కె1, అది వారాల తరబడి ఇవ్వాల్సి రావచ్చు.

మందుకు బదులు కన్నాలు మూయండి. చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి కూడా దూరుతుంది. స్టీల్ పీచు కూరి పైన సిమెంటు పూయండి. గోడ పక్కన చెక్కపెట్టెలో ఎలుకల బోను పెడితే పక్షులూ పిల్లులూ అందులో చిక్కుకోవు. పాక పైభాగంలో, గాలివాన తగలని చోట గుడ్లగూబకు ఒక పెట్టె కట్టండి. అది వస్తుందో రాదో దాని ఇష్టం, కానీ చోటంటూ ఉండాలి కదా.

3. చీకటి పడకముందే తలుపులు

కోళ్ల గూటికి ఆరు పలకల కన్నాలున్న పల్చటి జాలీ వేస్తుంటారు. అది కోడిని లోపల ఉంచుతుంది, వేటజంతువును బయట ఆపలేదు. కుక్క పళ్లతో చించేస్తుంది, చిన్న జంతువు కన్నంలోంచి దూరుతుంది. సుమారు 12 మిల్లీమీటర్ల చదరపు కన్నాలున్న, వెల్డింగ్ చేసిన గట్టి జాలీ కొనండి. గూడు చుట్టూ నేల మీద అదే జాలీని కనీసం ఒక అడుగు వెడల్పున బయటివైపు పరిచి, మట్టితోనో రాళ్లతోనో కప్పండి. తవ్వే జంతువు గోడ అంచు దగ్గరే మొదలుపెడుతుంది, జాలీ తగలగానే వదిలేస్తుంది. పైకప్పు కూడా మూసి ఉండాలి. గడియ ఒక్కసారి లాగితే వచ్చేది కాకుండా, ఎత్తి తిప్పితే గానీ తెరుచుకోనిది పెట్టండి.

చిరుత, తోడేలు లాంటివి తిరిగే ప్రాంతమైతే మేకలు, గొర్రెలు, దూడలు కూడా రాత్రి పైకప్పున్న దొడ్డిలోనే ఉండాలి. లైట్లు కొంతవరకు పనిచేస్తాయి. కానీ ఒకేచోట ఒకేలా వెలిగే లైటుకు జంతువులు అలవాటు పడిపోతాయి. కదలికకు వెలిగేది పెట్టి, అప్పుడప్పుడు చోటు మార్చండి.

కుక్క సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాపలా కోసమని రాత్రంతా గొలుసుతో బయట కట్టేస్తారు. చిరుత వచ్చే చోట గొలుసుకున్న కుక్క పారిపోలేదు, పోరాడలేదు. దాన్ని ఎరగా కట్టినట్టే. రాత్రికి ఇంట్లోనో, గట్టి గదిలోనో పడుకోబెట్టండి. లోపల్నుంచి కూడా అది మొరుగుతుంది, మీకు తెలుస్తుంది.

4. కుక్క: టీకాలు, నట్టల మందు, వేట అలవాటు

రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో, ఏడాదికి మళ్లీ, ఆపైన డాక్టర్ చెప్పిన వ్యవధిలో. డిస్టెంపర్, పార్వో (కుక్కల ప్రాణం తీసే రెండు వైరస్ జబ్బులు) టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి. ఇవి మీ కుక్క కోసమే కాదు. 1994లో తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటిలో డిస్టెంపర్ వచ్చి దాదాపు వెయ్యి సింహాలు చనిపోయాయి, అంటే అక్కడున్న వాటిలో మూడో వంతు. చుట్టుపక్కల ఊళ్లలోని పెంపుడు కుక్కల నుంచి ఆ వైరస్ వచ్చిందని తేలాక, కుక్కలకు టీకాలు వేయడం అక్కడ వన్యప్రాణి రక్షణలో భాగమైంది. మీ పొలం పక్క నక్కకూ అదే ప్రమాదం ఉంది. గజ్జి కూడా అంతే, నక్క నుంచి కుక్కకూ, కుక్క నుంచి నక్కకూ పోతుంది.

గొర్రెల్ని, మేకల్ని కోసినప్పుడు కాలేయం, ఊపిరితిత్తుల ముక్కల్ని పచ్చిగా కుక్కకు వేయకండి. వాటిలో నీటి తిత్తులుంటే కుక్క పేగుల్లో హైడాటిడ్ బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క మలం ద్వారా మనుషుల్లోకి చేరి, కాలేయంలో తిత్తులు పెంచుతాయి. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. బాగా ఉడికించి వేయండి, లేదా పూడ్చేయండి. ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో డాక్టర్‌ను అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి.

ఇక వెంటాడే అలవాటు. కుక్కకు పరిగెత్తే జంతువును తరమడమే పెద్ద బహుమతి, దొరికినా దొరక్కపోయినా. రెండు మూడుసార్లు రుచి మరిగితే మాన్పించడం చాలా కష్టం. కాబట్టి ఆ మొదటిసారి రాకుండా చూడండి. కుక్కపిల్లకు మూడు వారాల నుంచి మూడు నెలల వయసు వరకు ఏది పరిచయమైతే అది మామూలైపోతుంది. ఆ వయసులోనే కోళ్లను, మేకల్ని, పిల్లిని రోజూ చూపించండి. మీ చేతిలో తాడు ఉండాలి, కుక్క నెమ్మదిగా ఉన్నప్పుడు మెచ్చుకుని తినిపించాలి. పెద్ద కుక్కను తెచ్చుకుంటే మొదట కంచె అవతల నుంచే చూడనివ్వండి. కోడిని చూసి కూడా మీ వైపు తల తిప్పిందంటే ఆ రోజుకు చాలు, అక్కడితో ఆపండి. పది మీటర్ల పొడవాటి తాడు మీద పిలిస్తే వచ్చే అలవాటు పక్కా అయ్యాకే విప్పి వదలండి. నేల మీద గూళ్లు పెట్టే పక్షులు పొదిగే కాలంలో, ఎంత బుద్ధిగల కుక్కైనా తాడు మీదే ఉండాలి.

మంద కాపలాకు పుట్టిన జాతులు వేరు. అనటోలియన్, కంగాల్, మరెమ్మా లాంటివి మందతో కలిసి పెరిగి, వచ్చిన జంతువును చంపకుండా మొరిగి, అడ్డం నిలబడి పంపిస్తాయి. ఆస్ట్రేలియా తీరంలో మిడిల్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. ఆటు సమయంలో నక్కలు నడిచి దాటి వెళ్లి చిన్న పెంగ్విన్లను చంపేసేవి. 2005 నాటికి పది కూడా మిగల్లేదు. 2006 నుంచి అక్కడ మరెమ్మా కుక్కల్ని కాపలా పెట్టాక ఆ పక్షులు మళ్లీ వందకు పైగా పెరిగాయి. సరైన పెంపకంలో కుక్క అడవి జీవాలకు కూడా రక్షణే. కానీ ఈ జాతి కుక్కలు బాధ్యత తెలిసి నిలబడడానికి రెండేళ్లు పట్టొచ్చు, విశాలమైన చోటు కావాలి. చిన్న తోటకు ఇవి వద్దు.

ఒకే ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉంటే ఒక జాగ్రత్త. కుక్కలకు పిడుదుల కోసం వాడే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి ప్రాణాంతకం. కుక్కకు రాసిన మందు ఆరేదాకా పిల్లిని దాని దగ్గరికి కూడా రానివ్వకూడదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా పిల్లిని చంపేస్తుంది.

5. మచ్చిక లేని పిల్లులు

ముందు ఏ పిల్లి ఏ రకమో తేల్చుకోండి. ఒకప్పుడు ఎవరింట్లోనో పెరిగి తప్పిపోయిన పిల్లి కొన్నాళ్లకు దగ్గరికొస్తుంది, దానికి ఇల్లు వెతకొచ్చు. మనిషి చేయి ఎరగకుండా పెరిగిన పెద్ద పిల్లి ఇంటిపిల్లి కావడం చాలా అరుదు, బలవంతంగా గదిలో పెడితే దానికి నరకం. కూనలైతే, రెండు నెలల లోపువి త్వరగా మచ్చికవుతాయి.

ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. చూలు రెండు నెలలే. పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. అందుకే "చూద్దాంలే" అన్న ఏడాదిలో రెండు పిల్లులు గుంపవుతాయి. బోనుతో పట్టి, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, పట్టిన చోటే వదలడం చాలా దేశాల్లో అనుసరించే పద్ధతి. ఇలా చేయండి:

- రెండు వారాలు పగటిపూట ఒకే చోట, ఒకే వేళకు తిండి పెట్టండి. ఎన్ని ఉన్నాయో, ఏవి ఆడవో లెక్క తేలుతుంది.
- డాక్టర్ దగ్గర తేదీ ఖాయం చేసుకున్నాకే బోను తీయండి. తలుపు మూసుకోకుండా కట్టేసి కొన్నాళ్లు బోనులోనే తిండి పెడితే భయం పోతుంది.
- పట్టే ముందు రోజు తిండి ఆపండి, నీళ్లు మాత్రం ఉంచండి. బోను అడుగున కాగితం పరిచి, ఘాటైన వాసన వచ్చే చేప లోపలి చివర పెట్టండి.
- పిల్లి పడగానే బోనును దళసరి గుడ్డతో పూర్తిగా కప్పండి. చీకటైతే కొట్టుకోవడం ఆపేస్తుంది. వేళ్లు లోపల పెట్టకండి.
- మత్తులో ఉండగానే చెవి కొన కొద్దిగా కత్తిరించమని అడగండి. దూరం నుంచి చూసినా ఆపరేషన్ అయిందని తెలుస్తుంది, మళ్లీ పట్టే బాధ తప్పుతుంది.
- ఆపరేషన్ అయ్యాక ఒక రోజు, ఆడదైతే అవసరాన్ని బట్టి రెండు రోజులు, వెచ్చటి చోట ఉంచి, పట్టిన చోటే వదలండి.

పాలిచ్చే తల్లి పడితే డాక్టర్‌కు ముందే చెప్పండి. పిల్లలు ఎక్కడో ఆకలితో ఉంటాయి, దాన్ని వీలైనంత త్వరగా వదలాలి. ఉన్నవాటిలో సగానికి చేయించి ఆపేస్తే మిగతా సగం ఆ లోటు పూడ్చేస్తాయి. ఆడవాటిని ముందు పట్టండి, కొద్ది వారాల్లో అన్నిటినీ ముగించండి.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. ఆపరేషన్ పిల్లల్ని పుట్టకుండా ఆపుతుంది, వేటను ఆపదు. కడుపు నిండిన పిల్లి కూడా పక్షిని పడుతుంది. అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా పక్షుల్ని చంపుతున్నాయని 2013లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం ఎవరివీ కాని పిల్లుల వేటే. కాబట్టి మీ పొలం పక్కనే అరుదైన పక్షులు నేల మీద గూళ్లు పెడుతుంటే, లేదా అడవి పిల్లి జాతులు తిరుగుతుంటే, అక్కడ పిల్లుల గుంపును నిలబెట్టడం సరికాదని నా అభిప్రాయం. స్కాట్లాండ్‌లో అడవి పిల్లి తన జాతినే కోల్పోయే స్థితికి రావడానికి ఇళ్ల పిల్లులతో సంకరం ఒక పెద్ద కారణం. అలాంటి చోట పిల్లుల్ని చుట్టూ, పైనా జాలీ ఉన్న ఆవరణలో పెంచాలి, లేదా వేరే చోటు చూపించాలి. పిల్లి మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది బాధే, నాకూ బాధే. అయినా గూట్లో ఉన్న పక్షి పిల్లకు మనం తప్ప మాట్లాడేవాళ్లు లేరు.

ఇంటి పిల్లి విషయంలో మన చేతిలో ఇంకొంచెం ఉంది. ఇంగ్లండ్‌లో 2021లో వెలువడిన పరిశోధనలో, మాంసం ఎక్కువున్న మంచి తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గింది. మెడలో గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సాయంత్రం ఆడించి, తినిపించి, తెల్లారేదాకా లోపలే ఉంచండి.

పిల్లి మలం దాణాలో, పిల్లలు ఆడే ఇసుకలో పడకుండా కప్పి ఉంచండి. అందులో ఉండే టాక్సోప్లాస్మా అనే కంటికి కనిపించని పరాన్నజీవి వల్ల గొర్రెలు, మేకలు ఈచుకుపోతాయి, గర్భిణులకూ ప్రమాదం. గర్భిణులు పిల్లి మట్టి ఎత్తే పని వేరేవాళ్లకు అప్పగించాలి.

6. అడవి జీవాలకు కొంత చోటు, కొంత దూరం

ఇంటికి దూరంగా, పొలం ఒక అంచున పొదలు, ఎండు దుంగలు, గడ్డి అలాగే వదిలేయండి. ఇంటి చుట్టూ మాత్రం గడ్డి పొట్టిగా, కట్టెలు నేలకు ఒక అడుగు ఎత్తున ఉండాలి. అప్పుడు పాములకు వాటి చోటు, మీకు మీ చోటు. నీళ్ల తొట్టిలో రాళ్లో వాలుచెక్కో పెట్టండి, పడిన ఉడుతా పక్షీ ఎక్కి బయటపడతాయి. నేలబావికి గోడ, మూత తప్పనిసరి. మొక్కల మీద కప్పే నైలాన్ వల నేలకు వేలాడితే పాములు చిక్కుకుని చస్తాయి, ఎత్తుగా బిగించి కట్టండి.

అడవి జంతువుకు చేత్తో తిండి పెట్టకండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. మనిషంటే భయం పోయిన జంతువు చివరికి ఎవరి చేతిలోనో దెబ్బ తింటుంది. గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింక పిల్ల అనాథ కాదు, తల్లి మేతకు వెళ్లి తిరిగొస్తుంది. ఈకలు వచ్చి నేల మీద గెంతుతున్న పక్షి పిల్ల ఎగరడం నేర్చుకుంటోంది. మీరు చేయాల్సింది కుక్కనూ పిల్లినీ ఆ పూట లోపల కట్టేయడం.

కుక్కను పాము కరిస్తే నడిపించకండి, ఎత్తుకుని తీసుకెళ్లండి. కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. పామును చంపి పట్టుకెళ్లనక్కర్లేదు, దూరం నుంచి ఫొటో దొరికితే చాలు.

7. మనిషికి కాటు పడితే

పిల్లుల్ని పట్టే పని తరచూ చేసేవాళ్లు రేబిస్ టీకా ముందుగానే వేయించుకోవాలి. కుక్క, పిల్లి, నక్క, గబ్బిలం, ఏది కరిచినా, గోరు గీసి రక్తం వచ్చినా, ముందు ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. తర్వాత అయోడిన్ ఉన్న యాంటీసెప్టిక్. పొడులు, పసర్లు పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి మొదటి డోసు వేయించుకోండి. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధమైన ప్రతిరక్షకాలు) ఇస్తారు, దాని గురించి అడగండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం, టీకా పనిచేసేది అంతకు ముందే.

కరిచింది కుక్కో పిల్లో అయితే దాన్ని చంపొద్దు. మూసిన చోట పెట్టి 10 రోజులు చూడండి. అది బాగానే కనిపిస్తోందని మీ టీకా మాత్రం ఆలస్యం చేయొద్దు. పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసులు అవసరమా కాదా అన్నది డాక్టర్ చెబుతారు. అడవి జంతువుకు ఈ పది రోజుల లెక్క వర్తించదు, దాని కాటుకు అన్ని డోసులూ పూర్తి చేయాల్సిందే.